ఇరవయ్యో తేదీకే అయిపోతున్న సరుకుల డబ్బు

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పోయిన నెల సరుకుల బిల్లులన్నీ, తన లెక్కల నోట్‌బుక్‌లో రెండు పేజీలూ ఫొటోలు తీసి దాంతో పాటు పంపారు. ఉత్తరంలో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఇంట్లో ఆమె, భర్త, 13 ఏళ్ల కొడుకు, 9 ఏళ్ల కూతురు ఉంటారు. ఎనిమిది నెలల క్రితం అత్తగారు కూడా వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ఇల్లు నడిచేది భర్త జీతం మీద. ఆమె ఇంట్లోనే కుట్టుపని చేసి కొంత సంపాదిస్తారు. మూడేళ్ల క్రితం భర్త ఉద్యోగం మారినప్పుడు ఆయన ఒక కాగితం మీద నెల ఖర్చులన్నీ రాసి, "సరుకులకు ఇంత. ఇందులో సర్దెయ్" అన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే మొత్తం. గడిచిన 12 నెలల్లో ఆ మొత్తంలో ఇల్లు గడిచింది 3 నెలలే. మిగతా నెలల్లో 20, 22 తేదీలకల్లా డబ్బు అయిపోతోంది. తక్కువ పడినప్పుడల్లా ఆమె కుట్టుపని డబ్బులోంచి వేస్తున్నారు. రెండుసార్లు చెల్లెలి దగ్గర అప్పు తెచ్చారు. ఈ రెండు సంగతులూ భర్తకు తెలియవు.

జాబితా రాసుకుని వెళ్లడం, కవర్లలో డబ్బు పెట్టుకోవడం, ఫోన్‌లో యాప్, ఒకేసారి పెద్ద మొత్తంలో కొనడం, అన్నీ చేసి చూశారు. ఏదీ రెండు నెలలకు మించి నిలవలేదు. తన తోటి ఉద్యోగి ఇంట్లో ఇంతకంటే తక్కువలోనే గడుస్తోందని భర్త అప్పుడప్పుడూ అంటారు. పోయిన నెల 22న ఇంకాస్త డబ్బు కావాలని అడిగితే, పిల్లల ముందే, "నువ్వు అన్నం వండుతున్నావా, డబ్బు వండుతున్నావా?" అన్నారట. ఆ రాత్రి కొడుకుకి రెండోసారి వడ్డించబోతే, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకు చాలమ్మా" అన్నాడట. ఆమె అడుగుతున్నది ఒక్కటే. "నాకు క్రమశిక్షణ లేదా? ఈ ఖర్చును అదుపులో పెట్టడం ఎలా?"

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను బాగా కలత పెట్టింది లెక్కలు కాదు, కంచం మీద అడ్డం పెట్టిన ఆ చెయ్యి. అందుకే ముందు ఆ సంగతి. పదమూడేళ్ల పిల్లాడు ఇంట్లో జరిగేదంతా వింటాడు, కానీ సగమే అర్థమవుతుంది. మీవారు అన్న మాట మీకు ఎత్తిపొడుపుగా తగిలింది. వాడికి అది 'మన ఇంట్లో తిండికి డబ్బు లేదు' అన్నట్టు వినిపించింది. వాడు ఎదిగే వయసులో ఉన్నాడు. ఈ ఉత్తరం చదివిన రోజే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పండి. "మనకు తిండికి లోటు లేదు నాన్నా. ఏ లెక్కలో ఏది రాయాలో నాన్నా నేనూ ఇంకా సర్దుకోలేదు, అంతే. ఆ పని మేం చూసుకుంటాం. నువ్వు కడుపు నిండా తిను" అనండి. వీలైతే ఈ మాట మీవారి నోటి వెంట కూడా రావాలి. మీరు కోపంలో లేనప్పుడు, కొడుకు అన్నదీ చేసిందీ ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పండి. ఏ తండ్రీ ఆ మాట విని ఊరుకోలేడు.

ఇక లెక్కలకు వద్దాం. మీరు పంపిన బిల్లులను తేదీల వారీగా పేర్చుకుని రెండు పూటలు కూర్చున్నాను. మొత్తం 26 ఉన్నాయి. అసలు మొత్తాలు మీకు తెలిసినవే కాబట్టి, మీ నెల పరిమితిని 100 భాగాలు అనుకుని చెబుతాను. పోయిన నెల మీ ఇంట్లో ఖర్చయింది 121. ఒకటో తేదీన, మూడో తేదీన కొన్న పెద్ద సరుకులకు 58 పోయింది. మిగతా 24 చిన్న బిల్లులకు 63 పోయింది.

తర్వాత బిల్లుల్లో ఒక్కో వరుసా చూసుకుంటూ రంగు పెన్సిళ్లతో గీతలు పెట్టాను. సబ్బులు, బట్టల పొడి, షాంపూ, టూత్‌పేస్టు, ఇల్లు తుడిచే మందు లాంటివి 14 భాగాలు. పిల్లల చార్టులు, జిగురు, పెన్నులు, గోడగడియారం బ్యాటరీ, ఒక బల్బు కలిపి 5. అత్తగారికి డాక్టరు చెప్పిన వేరే తిండి, ఆవిడ వాడుకునే వస్తువులు 11. ఇవన్నీ తీసేస్తే ఇంటిల్లిపాదీ తిన్న మామూలు తిండికి అయింది 91.

మరోసారి చదవండి. 91.

మూడేళ్ల క్రితం ఆ కాగితం మీద 'సరుకులు' అని రాసినప్పుడు ఆ మాటకు అర్థం ఏమిటో మీరిద్దరూ అనుకోలేదు. సబ్బులు అందులో ఉన్నాయా, లేవా? ఉన్నాయనే అనుకుందాం, చాలా ఇళ్లలో అలాగే కలిపి చూస్తారు. అప్పుడు మీ ఖర్చు 105. అంటే మీ చేతిలో దాటిపోయింది 5 భాగాలు మాత్రమే. ఇంకో 11 ఇంట్లోకి ఒక మనిషి వచ్చినందుకు, 5 బల్బూ చార్టులూ ఆ పద్దులో చేరినందుకు. మూడేళ్ల క్రితం మీ ఇంట్లో ఉన్నది నలుగురు. అందులో ఒకరికి పదేళ్లు, ఒకరికి ఆరేళ్లు. ఇప్పుడు ఐదుగురు, పెద్దవాడు పెద్దవాళ్లతో సమానంగా తింటాడు. ధరలు కూడా అప్పట్లో ఉన్నచోట లేవు. ఆ పరిమితి వేసింది అప్పటి ఇంటికి. ఇప్పటి ఇంటికి ఎంత కావాలో ఎవరూ లెక్క వెయ్యలేదు. కాబట్టి క్రమశిక్షణ లేదన్న మాట మనసులోంచి తీసేయండి. మూడేళ్లుగా ప్రతి బిల్లూ దాచిపెట్టిన మనిషికి క్రమశిక్షణ లేదంటే నేను ఒప్పుకోను.

తోటి ఉద్యోగి ఇంటితో పోలిక గురించి ఒక్క మాట. ఆ ఇంట్లో ముగ్గురే అని మీరే రాశారు. అయినా తిండి ఖర్చును ఇంటికీ ఇంటికీ పోల్చడం కష్టం. ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల పద్దులు పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది అని. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే కనిపించింది. కారణం తేలికే. బట్టలు వచ్చే నెలకు వాయిదా వేసుకోవచ్చు, ప్రయాణం మానుకోవచ్చు, ఆకలిని వాయిదా వేయలేం. జీతంలో సరుకుల వాటా పెద్దగా కనిపించినంత మాత్రాన అది దుబారా అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట చెప్పాలి.

మీరు గుట్టుగా వేస్తున్న కుట్టుపని డబ్బు మంచి మనసుతోనే వేస్తున్నారు. గొడవ ఎందుకు, పిల్లలు పస్తుండకూడదు కదా అని. కానీ అది చేస్తున్న పని చూడండి. నెలాఖరుకు మీవారికి కనిపించేది 'కాస్త గొణిగింది కానీ సరిపోయింది' అన్నదే. అంటే ఆ పరిమితి చాలదన్న సంగతి ఆయనకు ఏడాదిగా తెలియనే లేదు. ఇంట్లో పైకప్పు కారుతుంటే మీరు రాత్రిపూట లేచి గిన్నె పెట్టి, తెల్లారేసరికి నీళ్లు పారబోసి, నేల తుడిచేస్తున్నారు. కారుతోందని ఆయన ఎలా నమ్ముతారు? మీరు 22న డబ్బు అడిగినప్పుడు ఆయనకు వచ్చిన కోపంలో ఇది కూడా ఉంది. పోయిన నెల సరిపోయింది కదా, ఈ నెల ఏమొచ్చింది అని. ఆ మాట పిల్లల ముందు అనడాన్ని నేను సమర్థించడం లేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నాను.

ఇందులో మీకు జరుగుతున్న నష్టం ఇంకొకటి ఉంది. రాత్రి పదింటిదాకా మెషిన్ తొక్కి సంపాదించిన డబ్బు ఏ లెక్కలోనూ లేకుండా కరిగిపోతోంది. ఇల్లు మీ సంపాదన మీద కూడా నడుస్తోందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, పిల్లలకు కూడా.

మీరు పంపిన నోట్‌బుక్ పేజీలో ఇంకో చిన్న విషయం పట్టుకున్నాను. పైన 'నెల మొత్తం' అని రాసి, దాన్ని 4తో భాగించి, నాలుగు వారాలకు నాలుగు గడులు గీశారు. చక్కగా ఉంది. కానీ 29, 30, 31 తేదీలకు గడి లేదు. వాటిని మార్జిన్‌లో నిలువుగా, ఇరుకుగా రాశారు. నాలుగు వారాలంటే 28 రోజులే కదమ్మా. ఏడాదిలో 7 నెలలకు 31 రోజులుంటాయి. వారానికి 25 భాగాల చొప్పున మీరు ఒక్క పైసా దాటకుండా ఖర్చు పెట్టినా, 31 రోజుల నెలలో ఆ చివరి మూడు రోజులకు దాదాపు 11 భాగాలు ఎక్కడి నుంచో రావాలి. ఆ 11 తిండి ఎక్కువ తిన్నందుకు అయినవి కావు, భాగహారం వల్ల అయినవి. పోయిన నెలకూ 31 రోజులే. మీరు దాటిన ఆ 5 భాగాలకు ముఖ్య కారణం ఇదే కావచ్చు. వచ్చే నెల నుంచి వారాలతో కాకుండా రోజులతో భాగించండి. 31 రోజుల నెలైతే వారానికి 22న్నర, 30 రోజులదైతే 23 పైచిలుకు వస్తుంది. ఫిబ్రవరిలో మాత్రమే మీ పాత లెక్క సరిపోతుంది.

చిన్న బిల్లుల సంగతికి వస్తే, 17వ తేదీ బిల్లు చూడండి. అందులో ఏడు వరుసలున్నాయి. మూడోది పాలు. మీ నోట్‌బుక్‌లో అదే తేదీ పక్కన 'పాలకు వెళ్లాను' అని రాసి ఉంది. మిగతా ఆరూ దారిలో గుర్తొచ్చినవో, కళ్లబడ్డవో. ఏదీ అనవసరమైనది కాదు, ఏదీ ఖరీదైనదీ కాదు. అందుకే ఎవరికీ తప్పు చేస్తున్నట్టు అనిపించదు. నెలకు 24 సార్లు కొట్టుకు వెళ్తే ఇలాగే అవుతుంది. పాలు, కూరగాయల్లాంటివి తప్పవు, వాటికి వారంలో రెండు రోజులు పెట్టుకుని, మిగతా రోజుల్లో గుర్తొచ్చినవి వంటింటి తలుపుకు అంటించిన కాగితం మీద రాసిపెట్టండి. రెండు రోజుల తర్వాత చూస్తే ఆ కాగితం మీద ఉన్నవాటిలో కొన్ని లేకుండానే గడిచిపోయి ఉంటాయి. మీవారు తెచ్చినవి కూడా మీరే లెక్కలో వేస్తానన్నారు కాబట్టి బిల్లుల మీద గుర్తులు చూశాను. ఆ 24లో 9 ఆయన సాయంత్రం ఇంటికొస్తూ తెచ్చినవి. దీన్ని ఆయన మీదకు ఆయుధంగా వాడకండి. 'ఇద్దరం కొంటున్నాం, పద్దు ఒకరి పేరు మీదే ఉంది' అని మీరు తెలుసుకోవడానికి చెబుతున్నాను. ఆయన కూడా ఆ తలుపు మీది కాగితం ఫొటో తీసుకుని వెళ్తే చాలు, ఆ తొమ్మిదిలో సగం తగ్గుతాయి.

పెద్ద మొత్తంలో కొంటే కలిసొస్తుందని చేసి చూశానన్నారు. కొన్నిటికి నిజమే. సబ్బులు పాడవవు, ఆర్నెల్లకు కొన్నా నష్టం లేదు. కానీ పెద్ద డబ్బా నూనె ఎదురుగా ఉంటే చేతికి వెనకాడడం తెలియదు, పెద్ద ప్యాకెట్ ఉంటే చిన్న ప్యాకెట్ వెనక్కి పోతుంది. అల్మారా సర్దితే విప్పిన చక్కెర ప్యాకెట్లు మూడు దొరికాయని, ఒకదాంట్లో చీమలు పట్టాయని మీరే రాశారు. కొత్తది వెనక పెట్టి పాతది ముందుకు జరపడం అనే ఒక్క అలవాటు ఉంటే ఆ మూడో ప్యాకెట్ కొని ఉండేవారు కాదు. ఏది పెద్దది కొంటే లాభమో ప్యాకెట్ ధర చూసి తేల్చకండి, కిలోకు ఎంత పడుతోంది అని భాగించి చూడండి. ఒక్కోసారి రెండు చిన్నవే చవక. ఇంకో సంగతి, ప్యాకెట్ ధర మారకుండా లోపల బరువు తగ్గిస్తుంటారు. నెలకు ఎన్నో ప్యాకెట్లు అని లెక్క పెట్టుకునేవాళ్లకు ఇది చాలాకాలం తెలియదు.

'మేం ఏదీ పారేయం' అన్నారు. బిల్లుల్లో ఆకుకూర 4న ఉంది, 7న ఉంది, మళ్లీ 9న ఉంది. అదే ఉత్తరంలో రెండు పేజీల తర్వాత 'ఒక్కోసారి కట్ట విప్పకుండానే వాడిపోతుంది' అని రాశారు. తప్పుపట్టడానికి అనడం లేదు, ఇది అందరి ఇళ్లలో జరిగేదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో పోయిందే. అంటే మనిషికి ఏడాదికి 79 కిలోలు. రెండు వారాల పాటు చెత్తబుట్టలోకి పోయే తిండిని ఒక చీటీ మీద రాయండి. ఏమిటి, ఎంత, ఎందుకు పోయింది అని మూడే మాటలు. తగ్గించుకోవలసిన ఆ 5 భాగాల్లో కొంత ఆ చీటీలోనే దొరుకుతుంది. తేదీ దాటిందని పారేసేముందు అది ఏ తేదీయో కూడా చూడండి. 'ఈ తేదీలోపు రుచి, నాణ్యత బాగుంటాయి' అనేది ఒకటి, 'ఈ తేదీ తర్వాత తినకూడదు' అనేది ఇంకొకటి. రెండో రకం విషయంలో రాజీ వద్దు, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏది ఎంచుకున్నా దానికో ఖరీదు ఉంటుంది.

మొదటిది, ఆ 100నే ఉంచి, పద్దును ఇరుకు చేయడం. అంటే తిండి, సబ్బులు మాత్రమే సరుకులు. పిల్లల చార్టులు చదువు ఖర్చులోకి, బల్బు ఇంటి ఖర్చులోకి, అత్తగారి ప్రత్యేకమైన తిండి ఆవిడ మందుల ఖర్చులోకి వెళ్తాయి. అప్పుడు మీరు తగ్గించుకోవలసింది 5 మాత్రమే, అది మీకు చేతనవుతుంది. దీనివల్ల మీ భుజాల మీద నుంచి లేని తప్పు దిగిపోతుంది. కానీ ఇంటి మొత్తం ఖర్చు ఒక్క పైసా తగ్గదు. ఆ 16 భాగాలూ ఇంకో కాగితం మీద కనిపిస్తాయి, అక్కడ ఎవరో ఒకరు చూసుకోవాలి.

రెండోది, పరిమితినే పెంచడం, 115 దగ్గరికో 120 దగ్గరికో. వినడానికి ఇది తేలిక. కానీ పెంచిన ఆ 15, 20 ఎక్కడి నుంచి తగ్గాలో అదే రోజు అనుకోకపోతే అది కాగితం మీద అంకె మార్చడమే అవుతుంది, రెండు నెలల్లో మళ్లీ ఇదే గొడవ. పొదుపులోంచా, బయట తిరగడంలోంచా, ఇంకేదైనా వాయిదాలోంచా? ఏది తగ్గించినా ఒకరికి కష్టంగా ఉంటుంది, ఆ ఒకరు ప్రతిసారీ మీరే కాకూడదు.

మూడోది, మీ కుట్టుపని డబ్బును బాహాటంగా లెక్కలోకి తేవడం. నెలకు ఇంత అని ఒక మొత్తం చెప్పి వేయండి. ఎలాగూ వేస్తున్నారు, చెప్పి వేస్తే ఆ కష్టానికి విలువ ఉంటుంది. ఇందులో ప్రమాదం కూడా ఉంది. ఒకసారి లెక్కలో చేరిన డబ్బు మరుసటి ఏడాదికి అందరికీ హక్కులా అనిపిస్తుంది. పని తగ్గిన నెలలో వేయలేకపోతే మళ్లీ మీకే టెన్షన్. అందుకని మీ సంపాదనలో సగానికి మించి ఎప్పుడూ ఒప్పుకోకండి. మిగతాది మీ పేరు మీదే ఉండాలి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, దాచుకోను.

నాలుగోది మీరే ఉత్తరంలో అన్నారు, 'ఒక నెల ఆయన చేతికే ఇచ్చేస్తాను, తెలుస్తుంది' అని. కోపంతో ఇస్తే అది పరీక్షగా మారుతుంది. ఆయన పట్టుదలకు పోయి ఆ నెల ఎలాగో లాగించేస్తారు, అల్మారాలో ఉన్నవన్నీ ఖాళీ చేసి మరీ. 'చూశావా' అంటారు. తర్వాతి నెల ఆ ఖాళీలన్నీ మీరు నింపుకోవాలి. అలా కాకుండా ఇద్దరూ కలిసి, బిల్లులు ఆయన కూడా రాస్తూ ఒక నెల చేస్తే లాభం ఉంది.

నన్ను అడిగితే మొదటి దారితో మొదలుపెట్టి, మూడు నెలలు ఉన్నదున్నట్టు రాసి, అప్పుడు అంకె నిర్ణయించుకోమంటాను. ఒక్క నెల చూసి అంకె వేయకూడదు. చుట్టాలు వచ్చిన నెల ఒకలా ఉంటుంది, పిల్లలకు సెలవులున్న నెల ఇంకోలా ఉంటుంది. యాప్ నిలవలేదన్నారు, మీ చేతిరాత మూడేళ్లుగా నిలుస్తోంది కాబట్టి నోట్‌బుక్కే మీకు మేలు. జపాన్‌లో హని మొతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం ఇంటి లెక్కల పుస్తకం ఒకటి తయారుచేసింది. అలాంటి పుస్తకాలు అక్కడ ఇప్పటికీ వాడుతున్నారు. రాయడం ఎవరైనా రాస్తారు. నెలాఖరున దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని చూడటంలోనే ఉపయోగం ఉంది. మీరు మూడేళ్లుగా రాస్తున్నారు, కానీ ఆ పుస్తకాన్ని మీతో కూర్చుని ఇంకెవరూ చూడలేదు. చుట్టాలకూ పుట్టినరోజులకూ ప్రతి నెలా 3 భాగాలు పక్కన పెట్టండి. వాడని నెలలో అది అలాగే మిగలాలి, ఒకటో తేదీ రాగానే మామూలు సరుకుల్లో కలిపేయకూడదు.

మీవారితో ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. ఇప్పటిదాకా ఈ మాట 20 దాటాకే వచ్చింది, చేతిలో డబ్బు లేనప్పుడు, మీరు అడిగేవారిగా, ఆయన ఇచ్చేవారిగా. ఈసారి మొదటి వారంలో, పిల్లలు నిద్రపోయాక కూర్చోండి. రంగు గీతలు పెట్టిన బిల్లులు ముందు పెట్టండి. "ఈ నెల నాకేమీ అక్కర్లేదు. పోయిన నెల మన డబ్బు ఎటు పోయిందో చూపిస్తాను, పావుగంట చాలు" అనండి. 91 అంకె మొదట చెప్పండి. ఆయన తెచ్చిన తొమ్మిది బిల్లుల మాట ఆ రోజు ఎత్తకండి, ఆయనకై ఆయనకే కనిపిస్తాయి.

కుట్టుపని డబ్బు గురించి చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఏడాదిగా ఎంత వేశారో అంతా ఒకేసారి చెప్పేయవచ్చు. ఆయనకు బాధ కలగవచ్చు, 'నాకెందుకు చెప్పలేదు' అని కోపమూ రావచ్చు, కానీ ఆ తర్వాత మీరు దాచేది ఏమీ ఉండదు. లేదా పాతది ఎత్తకుండా, ఈ నెల నుంచి వేసేది చెప్పి వేయవచ్చు. ఆ రాత్రికి ఇది సులువు, కానీ పాత సంగతి ఎప్పుడో మీ చెల్లెలి నోటి నుంచి బయటపడితే అప్పుడు మీరు చెప్పే ఏ లెక్కా ఆయన నమ్మరు. నా మనసు మొదటిదానివైపే ఉంది. ఆయన స్వభావం మీకు తెలుసు కాబట్టి నిర్ణయం మీదే. ఆయన జీతం ఎంతో మీకు తెలుసని, బ్యాంకు పుస్తకం ఇంట్లోనే ఉంటుందని రాశారు. అందుకే ఇది కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయమనే నమ్ముతున్నాను. లెక్క అంతా చూశాక కూడా ఆయన వినకుండా ప్రతి పైసాకూ మిమ్మల్ని నిలదీస్తూ ఉంటే, అప్పుడది సరుకుల సమస్య కాదు. ఆయన గౌరవించే పెద్దవాళ్లనో, కుటుంబ సలహాదారునో పిలవండి, ఒంటరిగా భరించకండి.

అత్తగారి విషయంలో ఒక్క జాగ్రత్త. ఆ 11 అంకె ఆవిడ చెవిన పడకూడదు. ఉన్న ఇల్లు వదిలి కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి, తన తిండికి ఇంత అవుతోందని వింటే మరుసటి రోజు నుంచి ఆవిడ కూడా కంచం మీద చెయ్యి అడ్డం పెడతారు. ఆ ఖర్చును మీవారి తోడబుట్టినవాళ్లతో పంచుకోవాలనుకుంటే ఆ మాట ఆయనే ఎత్తాలి. మీరు ఎత్తితే అర్థాలు మారిపోతాయి.

చెల్లెలి బాకీ ఉంది కదా, దాన్ని సరుకుల డబ్బులోంచి మిగిల్చి తీర్చాలని చూస్తున్నట్టు రాశారు. అలా చేయకండి. వారానికి 22న్నరలో గడపడం నేర్చుకునే నెలల్లోనే అందులోంచి బాకీ కూడా తీయబోతే రెండూ చెడతాయి, మళ్లీ మీకే చేతకాలేదనిపిస్తుంది. అది విడిగా, మీ కుట్టుపని డబ్బులోంచి, నెలకు ఇంత అని నాలుగు వాయిదాల్లో తీర్చండి. మీవారి ముందు పెట్టే కాగితం మీద చివరి వరుసలో ఆ బాకీ కూడా రాయండి.